పీహెచ్ తక్కువ ఉంటే బలమైన ఆమ్లమేనా? నా నాలుగు మార్కులు ఎందుకు పోయాయి?

#1 ఎంపీసీ_ఫస్టియర్ · రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. నిన్న స్లిప్‌టెస్ట్‌లో ఈ ప్రశ్న ఇచ్చారు: ఒక బీకరులో 1 మోలార్ (అంటే లీటరుకి 1 మోల్, మోల్ అణువుల్ని లెక్కపెట్టే కొలమానం) ఎసిటిక్ ఆమ్లం ఉంది, పీహెచ్ 2.4. ఇంకో బీకరులో 0.001 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంది, పీహెచ్ 3. బలమైన ఆమ్లం ఏది, ఎందుకు?

నేను ఎసిటిక్ అని రాశాను. పీహెచ్ తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుందనే కదా చదువుకున్నాం. 2.4 అంటే 3 కంటే తక్కువే. నాలుగు మార్కులకి సున్నా వేశారు. సార్‌ని అడిగితే "బలం వేరు, గాఢత వేరు, పాఠం మళ్లీ చదువు" అన్నారు, అంతలో బెల్ కొట్టారు. ఇంటికొచ్చి మూడుసార్లు చదివాను. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, మూసేసరికి బలం, గాఢత, పీహెచ్ మూడూ కలిసిపోతున్నాయి. ఎవరైనా మామూలు మాటల్లో చెప్పగలరా? ఈఏపీసెట్ (పాత ఎంసెట్) టెన్షన్ ఇప్పుడే మొదలైంది.

#2 లెక్కలబాబాయ్ · రాత్రి 9:25

బాబూ, ముందు ఒక చిన్న లెక్క చెయ్యి. పీహెచ్ 3 అంటే లీటరులో 10⁻³ మోల్ హైడ్రోజన్ అయాన్లు. నువ్వు పోసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా 0.001 మోలే. అంటే పోసినదంతా విడిపోయింది, మిగిలిందేమీ లేదు.

ఇప్పుడు ఎసిటిక్ చూడు. 1 మోలార్ మొత్తం విడిపోయి ఉంటే పీహెచ్ సున్నా రావాలి. వచ్చింది 2.4. అంటే అయాన్లు సుమారు 0.004 మోల్. వెయ్యి అణువులు పోస్తే నాలుగే విడిపోయాయి. వెయ్యికి వెయ్యి ఇచ్చింది బలమైనదా, వెయ్యికి నాలుగు ఇచ్చింది బలమైనదా?

#3 ఎంపీసీ_ఫస్టియర్ · రాత్రి 9:31

థాంక్స్ బాబాయ్. లెక్క అర్థమైంది. కానీ ఆ బీకరులో అయాన్లు ఎక్కువ ఉన్నది ఎసిటిక్‌లోనే కదా? 0.004 అంటే 0.001 కంటే ఎక్కువ. ఎక్కువ అయాన్లు ఉన్నదాన్ని బలహీనమైనది అనడమే నాకు మింగుడు పడటం లేదు.

#4 బ్యూరెట్‌మేడం · రాత్రి 10:04

నాన్నా, ఈ చివరి ప్రశ్న అడిగావంటే నువ్వు సరైన చోటే ఆగావు. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ఏటా ఏ సెక్షన్‌లో చూసినా సగం మంది ఇక్కడే ఆగేవారు. తప్పు పిల్లలది కాదు. తెలుగులో "ఈ కాఫీ స్ట్రాంగ్‌గా ఉంది" అంటాం, డికాక్షన్ ఎక్కువ పడిందని దాని అర్థం. అంటే రోజూ గాఢతను బలం అనే మాటతోనే చెప్పుకుంటాం. కెమిస్ట్రీకి వచ్చేసరికి అదే మాటకు వేరే అర్థం ఇస్తాం, ఇచ్చిన సంగతి గట్టిగా చెప్పం.

రెండు ఊళ్లు అనుకో. మొదటిది హైడ్రోక్లోరిక్ వాళ్ల ఊరు, చాలా చిన్నది, ఒక్క మనిషి కూడా ఇంట్లో కూర్చోడు, అందరూ వీధిలోనే ఉంటారు. రెండోది ఎసిటిక్ వాళ్ల ఊరు, దానికి వెయ్యి రెట్లు పెద్దది. అయితే వెయ్యి మందిలో నలుగురే వీధిలోకి వస్తారు, మిగతా 996 మంది తలుపులేసుకుని ఇంట్లో ఉంటారు.

ఊళ్లో ఎంతమంది జనం ఉన్నారన్నది గాఢత.
వాళ్లలో ఎన్నోవంతు మంది వీధిలోకి వచ్చే రకం అన్నది బలం.
వీధి మొదట్లో నిలబడి, ఈ క్షణాన బయట కనిపిస్తున్నవాళ్లను మాత్రమే లెక్కపెట్టేది పీహెచ్ మీటర్.

మీటర్‌కి ఇళ్లలో ఉన్నవాళ్లు కనబడరు. పెద్ద ఊళ్లో కొద్దిమందే బయటికొచ్చినా, చిన్న ఊళ్లో అందరూ కలిసిన దానికన్నా ఎక్కువ కావచ్చు. నీ స్లిప్‌టెస్ట్‌లో జరిగింది అదే. కాబట్టి ఆ రెండు బీకర్లలో ఎక్కువ ఆమ్లత్వం ఉన్నది ఎసిటిక్ బీకరే. నువ్వు రాసినదాంట్లో ఆ భాగం నిజం. కానీ అడిగింది ఆమ్లం స్వభావం గురించి. బలం పోల్చాలంటే రెండింటినీ ఒకే గాఢతలో పెట్టాలి. 0.1 మోలార్ చొప్పున తీసుకుంటే హైడ్రోక్లోరిక్ పీహెచ్ 1, ఎసిటిక్ 2.9 దగ్గర ఉంటుంది. పదో తరగతిలో గ్రాఫైట్ కడ్డీలు, బల్బు పెట్టి చేసిన ప్రయోగం గుర్తుందా? హైడ్రోక్లోరిక్‌లో బల్బు బాగా వెలిగింది, ఎసిటిక్‌లో వెలుగు తగ్గింది. అక్కడ గాఢతలు సమానంగా తీసుకోవాలన్నది ఒక్క ముక్కే. ప్రయోగం అంతా ఆ ముక్క మీదే నిలబడి ఉంది.

ఇంకో సంగతి చూడు, నాకు చాలా ఇష్టమైనది. నీళ్లు పోసి పలుచన చేస్తూ పోదాం. హైడ్రోక్లోరిక్‌ని పది రెట్లు పలుచన చేస్తే పీహెచ్ కచ్చితంగా ఒకటి పెరుగుతుంది: 1, 2, 3. ఎసిటిక్‌ని అలాగే చేస్తే 1 మోలార్‌కి 2.4, 0.1కి 2.9, 0.01కి 3.4, 0.001కి 3.9. ప్రతిసారీ దాదాపు అర మెట్టే పెరుగుతోంది. ఎందుకంటే పలుచన అయ్యేకొద్దీ ఇళ్లలోవాళ్లు ఇంకాస్త ఎక్కువ వంతు బయటికి వస్తారు. వెయ్యికి 4 ఉన్నది 13 అవుతుంది, తర్వాత 41, ఆ తర్వాత 120 దాటుతుంది. విడిపోయిన ముక్కలు మళ్లీ ఎదురుపడి కలిసే అవకాశం పలుచటి ద్రావణంలో తగ్గుతుంది కదా. దీన్నే రసాయన శాస్త్రవేత్త ఆస్ట్వాల్డ్ 1888లో సూత్రంగా చెప్పాడు. ఇక్కడ ఒక జాగ్రత్త: బయటికొచ్చే వంతు పెరిగింది కాబట్టి ఆమ్లం బలపడిందని రాయకు. వియోజన స్థిరాంకం (అణువులు విడిపోయే స్వభావాన్ని చెప్పే అంకె) మారలేదు, ఎసిటిక్‌కి 25 డిగ్రీల దగ్గర అది సుమారు 1.75 × 10⁻⁵. బలానికి గుర్తు ఆ అంకె. నువ్వు ఎన్ని నీళ్లు పోసినా ఆ అంకె కదలదు.

#5 ఊరగాయజాడీ · రాత్రి 10:40

మేడం, నమస్తే. నేను ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్ముతాను, కెమిస్ట్రీ పదో తరగతితోనే ఆగింది. ఊళ్ల పోలిక చదివాక ఒక అనుమానం వచ్చింది. నా దగ్గర ఉన్న వెనిగర్ సీసా మీద 4 శాతం అని ఉంది. పీహెచ్ ఎక్కడా లేదు. ఆ 4 శాతం అంటే బలమా, గాఢతా? ఇంకోటి, పేపర్ ముంచి చూస్తే వెనిగర్, నిమ్మరసం రెండూ 2, 3 మధ్యే చూపిస్తాయి. కడుపులో ఆమ్లం కూడా అంతే ఉంటుందని ఎక్కడో చదివాను. అలాంటప్పుడు వెనిగర్ బదులు పలుచటి హైడ్రోక్లోరిక్ వేసినా ఒకటేనా? వేస్తానని కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.

#6 బ్యూరెట్‌మేడం · రాత్రి 11:02

అమ్మా, ఎంత మంచి ప్రశ్న! సీసా మీద ఉన్న 4 శాతం గాఢత. 100 మిల్లీలీటర్లలో 4 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం, అంటే లీటరుకి 40 గ్రాములు, సుమారు 0.67 మోలార్. దాని పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. అదే పీహెచ్ హైడ్రోక్లోరిక్‌తో తేవాలంటే 0.003 మోలార్ చాలు, దాదాపు రెండు వందల రెట్లు తక్కువ.

వీధిలో ఇద్దరిదీ ఒకటే లెక్క. కానీ పచ్చడి చెడిపోకుండా కాపాడటంలో ఇంట్లో కూర్చున్నవాళ్లదే పెద్ద పాత్ర. విడిపోని ఎసిటిక్ అణువుకి విద్యుదావేశం ఉండదు, అందుకని సూక్ష్మజీవి పొరలోంచి తేలిగ్గా లోపలికి దూరుతుంది. దూరాక అక్కడ విడిపోయి ఆ జీవిని లోపలినుంచి దెబ్బతీస్తుంది. పలుచటి హైడ్రోక్లోరిక్‌లో అలా దూరే అణువులే లేవు. నాలుక మీద కూడా అంతే. ఒకే పీహెచ్ దగ్గర వెనిగర్ ఎక్కువ పుల్లగా తగులుతుంది, ఎందుకంటే లాలాజలం కొంత ఆమ్లాన్ని తటస్థం చేసినా లోపలి నిల్వలోంచి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. చింతపండులో టార్టారిక్, నిమ్మలో సిట్రిక్, పెరుగులో లాక్టిక్, ఇవన్నీ బలహీన ఆమ్లాలే. మన వంటింటి పులుపంతా బలహీన ఆమ్లాల మీదే నడుస్తోంది.

మీకు పనికొచ్చే అంకె ఒకటి గుర్తుపెట్టుకోండి: 4.6. గాలి చొరబడని సీసాల్లో నిల్వ చేసేవాటికి పీహెచ్ దీనికన్నా పైన ఉంటే బొటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషం తెచ్చే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. అక్కడ పేపర్ చాలదు, మంచి మీటర్ వాడండి.

#7 రొయ్యలచెరువు · ఉదయం 5:48

చెరువు గట్టు మీదనుంచే రాస్తున్నానండి. మాది భీమవరం దగ్గర, వనామీ రకం రొయ్య వేస్తాం. నా సమస్య మీ మాటలకి దగ్గరగానే ఉందనిపించింది. పక్కపక్కనే రెండు చెరువులు. తెల్లవారుజామున మీటర్ పెడితే రెండూ 7.6. సాయంత్రం నాలుగింటికి ఒకటి 8.2, రెండోది 9 దాటుతోంది. ఒకే సీడ్, ఒకే మేత, ఏరేటర్లూ సమానమే. పొద్దున ఒకటే పీహెచ్ ఉన్న నీళ్లు సాయంత్రానికి ఇంత తేడా ఎందుకు వస్తాయి? 9 దాటిన చెరువులో రొయ్య మేత సరిగ్గా తీసుకోవడం లేదు.

#8 క్యూసీ_నైట్‌షిఫ్ట్ · ఉదయం 6:20

అన్నా, రెండు చెరువులకీ ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బొనేట్ లాంటి నిల్వ) టెస్ట్ చేయించారా? పీహెచ్ ఒకటే అయినంత మాత్రాన నీళ్లు ఒకటే కావు. మేడం చెప్పినట్టు మీటర్ వీధిలోవాళ్లనే చూస్తుంది. నీటిలో బైకార్బొనేట్ నిల్వ ఎంత ఉందో అది చెప్పదు.

పగలు పాచి ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ని లాగేస్తుంది. అది నీటిలో కార్బోనిక్ ఆమ్లంగా ఉంటుంది, బలహీన ఆమ్లమే. అది తగ్గితే పీహెచ్ పైకి పోతుంది. రాత్రి అన్నీ ఊపిరి వదులుతాయి, మళ్లీ కార్బన్ డయాక్సైడ్ చేరి దిగుతుంది. బైకార్బొనేట్ నిల్వ బాగా ఉన్న చెరువులో ఈ ఎగుడుదిగుళ్లు చిన్నగా ఉంటాయి. నిల్వ తక్కువైతే అదే పాచికి పీహెచ్ ఊగిపోతుంది. 9 దాటేదాంట్లో పాచి కూడా ఎక్కువ ఉండొచ్చు, నీటి రంగు పోల్చి చూడండి.

మేత తీసుకోకపోవడానికి అమ్మోనియా కారణం కావొచ్చు. అమ్మోనియం అయాన్ కూడా బలహీన ఆమ్లమే. మీ నీటి వేడికి, పీహెచ్ 7.5 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపం వందకి రెండు మూడు పాళ్లే. 8.5కి వచ్చేసరికి ఇరవై దగ్గర, 9కి నలభై దాకా. అంటే మీ టెస్ట్ కిట్‌లో అంకె పెరగకుండానే సాయంత్రానికి నీళ్లు విషం కావచ్చు. అందుకే కిట్ అంకెను ఎప్పుడూ ఆ సమయంలో ఉన్న పీహెచ్‌తో కలిపే చదవాలి.

#9 రొయ్యలచెరువు · ఉదయం 6:33

ఈ ముక్క ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదండి. అమ్మోనియా టెస్ట్ పొద్దునే చేసి, బాగుందని వదిలేస్తున్నాం. ఈ రోజు సాయంత్రం చేస్తాను. రెండింటికీ ఆల్కలినిటీ ల్యాబ్‌కి పంపిస్తాను.

#10 నిప్పురవ్వ · ఉదయం 9:10

అయితే బలహీన ఆమ్లాలతో భయం లేదన్నమాట, జాగ్రత్త పడాల్సింది బలమైనవాటితోనే. సరేనా?

#11 క్యూసీ_నైట్‌షిఫ్ట్ · ఉదయం 9:41

కాదు. దయచేసి ఇలా అనుకోకండి. ఇది నేను కళ్లతో చూసిన విషయం కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను.

నేను ముందు పనిచేసిన ఒక ప్లాంట్‌లో కొత్తగా చేరిన హెల్పర్ డ్రమ్ములోంచి గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం పంపుతో తీస్తున్నాడు. చేతులకి గ్లవ్స్ లేవు. అడిగితే, ట్రైనింగ్‌లో ఎసిటిక్ వీక్ యాసిడ్ అని చెప్పారన్నాడు. మాట పూర్తయ్యేలోపే పైపు జారి మణికట్టు మీద పడింది. మొదట పెద్దగా మంట కూడా లేదు. వెంటనే షవర్ కిందికి తీసుకెళ్లి నీళ్లు ధారగా వదిలాం, పావుగంట దాటాక ఆపాం. అప్పటికే చర్మం తెల్లగా పాలిపోయింది, సాయంత్రానికి బొబ్బలు లేచాయి. గ్లేషియల్ అంటే దాదాపు నీళ్లే లేని ఎసిటిక్, 17 మోలార్ పైన. 16.6 డిగ్రీలకే గడ్డకడుతుంది, చలికాలం తెల్లవారుజామున సీసాలో మంచులా కనిపిస్తుంది, అందుకే ఆ పేరు. ఆమ్లం బలహీనమైనదే, గాఢత భయంకరం. ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు ఒక్క మాట కలిపి చెప్పి ఉంటే ఆ చెయ్యి కాలేది కాదు.

ఇంకా ఘోరమైనది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. పుస్తకంలో అది బలహీన ఆమ్లమే. కానీ గాజును తినేస్తుంది. విడిపోని అణువులు చర్మం గుండా లోపలికి దిగి, ఫ్లోరైడ్ ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. దాన్ని వాడేచోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా పెట్టుకుంటారు.

మూడోది గాఢ సల్ఫ్యూరిక్. 98 శాతం, 18 మోలార్. బలమైన ఆమ్లమే, కానీ అందులో నీళ్లు చాలా తక్కువ కాబట్టి మామూలు పీహెచ్ లెక్క దానికి వర్తించదు, మీటర్ చూపే అంకెకి అర్థం ఉండదు. దాన్ని ఉక్కు ట్యాంకర్లలోనే తీసుకెళ్తారు, ఇనుము మీద సల్ఫేట్ పొర ఏర్పడి కాపాడుతుంది. అదే ఆమ్లాన్ని పలుచన చేసి పోస్తే ఇనుము బుసబుసా కరిగిపోతుంది. అలాగని గాఢమైనది మెత్తనిది కాదు. చర్మంలోంచి, బట్టలోంచి నీటిని లాగి నల్లగా మాడ్చేస్తుంది. పలుచన చేసేటప్పుడు ఎప్పుడూ ఆమ్లాన్నే కొద్దికొద్దిగా నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు.

#12 నిప్పురవ్వ · ఉదయం 9:58

అర్థమైంది అన్నా. మా ఇంట్లో బాత్రూమ్ యాసిడ్ బాటిల్ పిల్లలకు అందే చోటే ఉంది. ఇప్పుడే పైన పెట్టాను.

#13 డల్లాస్_రాత్రి · ఉదయం 10:15

మంచి చర్చ. చిన్నప్పుడు నాకు నేర్పిన ఒక తప్పు చెప్తాను, తమ్ముడికి ఎంసెట్‌లో పనికొస్తుంది. పీహెచ్ స్కేలు 0 నుంచి 14 వరకే ఉంటుందని బట్టీ పట్టించారు. అది గోడ కాదు. 10 మోలార్ హైడ్రోక్లోరిక్‌కి లాగ్ తీసి గుర్తు మారిస్తే మైనస్ 1 వస్తుంది. అంత గాఢతలో అయాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి కాబట్టి ఆ లెక్క కచ్చితం కాదు, కానీ సున్నా కిందికి వెళ్లడం నిజం. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గనిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలికి, నీటికి ఆక్సీకరణం చెంది కారే నీటి పీహెచ్ మైనస్ 3.6 అని కొలిచారు.

రెండో చివర కూడా చూడు. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ పీహెచ్ ఎంత? 8 అని రాసేవాళ్లు చాలామంది. ఆమ్లం కలిపితే నీళ్లు క్షారం ఎలా అవుతాయి? నీటిలో దాని సొంత అయాన్లు 10⁻⁷ ముందే ఉన్నాయి. వాటినీ కలిపి లెక్కవేస్తే 6.98 వస్తుంది.

ఇదంతా మొదలైంది ఒక బీరు కంపెనీ ల్యాబ్‌లో. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త ఎంజైముల మీద పనిచేస్తూ, పొడుగాటి దశాంశాలు రాయలేక ఈ స్కేలు పెట్టాడు. ఆయనకి కావలసింది ఆ క్షణాన ద్రావణంలో ఎన్ని హైడ్రోజన్ అయాన్లు ఉన్నాయన్నదే, ఎంజైము పని దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి. మొత్తం ఆమ్లం ఎంతుందో ఆయన వేరేగా కొలుచుకునేవాడు. ఈ రెండూ వేరని స్కేలు పుట్టిన రోజే ఉంది.

#14 బ్యూరెట్‌మేడం · ఉదయం 11:30

మొత్తం ఆమ్లాన్ని ఎలా కొలుస్తారన్నదే మిగిలింది. వీధిలో లెక్క పీహెచ్ మీటర్‌ది అయితే, ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టే జనాభా లెక్కలవాళ్ల పని టైట్రేషన్‌ది. బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) లోంచి సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం పడుతుంటే వీధిలో ఉన్న హైడ్రోజన్ అయాన్లు అయిపోతాయి, వెంటనే ఇళ్లలోంచి ఇంకొందరు బయటికొస్తారు. వాళ్లూ అయిపోతారు. చివరి తలుపు తెరుచుకునేదాకా ఇది ఆగదు. అందుకే 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ 25 మిల్లీలీటర్లకీ, 0.1 మోలార్ ఎసిటిక్ 25 మిల్లీలీటర్లకీ కావలసిన క్షారం సమానమే. బలం అక్కడ లెక్కలోకే రాదు.

బాబూ, మీ సార్‌ని అడిగి నీ స్లిప్‌టెస్ట్‌లోని ఆ రెండు బీకర్లనే ల్యాబ్‌లో టైట్రేట్ చేసి చూడు. పుస్తకం మూసినా మర్చిపోవు.

#15 ఎంపీసీ_ఫస్టియర్ · మూడు రోజుల తర్వాత, సాయంత్రం 6:05

మేడం, చేశాను! సార్ ప్రాక్టికల్స్ అయ్యాక అరగంట ఇచ్చారు, పక్కనే నిలబడ్డారు.

0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ బ్యూరెట్‌లో పోశాం. ముందు 0.001 హైడ్రోక్లోరిక్ 10 మిల్లీలీటర్లు కోనికల్ ఫ్లాస్క్‌లో తీసుకుని రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగు చూపే సూచిక) వేశాను. కాక్ మెల్లగా తిప్పాను. మొదటి చుక్క పడినచోట గులాబీ రంగు మెరిసి, ఫ్లాస్క్ తిప్పితే పోయింది. రెండో చుక్కకి పోవడానికి కాస్త టైం పట్టింది. మూడో చుక్కకి ఫ్లాస్క్ అంతా లేత గులాబీ, ఇక పోలేదు. మూడంటే మూడు చుక్కలు! తప్పు చేశానేమో అని మళ్లీ చేశాను, అంతే వచ్చింది.

తర్వాత 1 మోలార్ ఎసిటిక్ 10 మిల్లీలీటర్లు. 10 అయింది, 20 అయింది, 50 అయి బ్యూరెట్ ఖాళీ అయింది. రంగు లేదు. మళ్లీ నింపాను. రెండో బ్యూరెట్ కూడా దాదాపు అడుగుకి వచ్చాక గాని గులాబీ రంగు నిలవలేదు. చెయ్యి నొప్పి పుట్టింది. పీహెచ్‌లో 2.4కీ 3కీ తేడా చూసి పక్కపక్కనే ఉన్నాయనుకున్నాను. ఒకదానికి మూడు చుక్కలు, ఇంకోదానికి రెండు బ్యూరెట్లు.

సార్ మార్కులు మార్చలేదు, కానీ సోమవారం క్లాసులో ఇది అందరి ముందు చేసి చూపించమన్నారు. ఒక్క డౌట్ మిగిలింది మేడం. ఎసిటిక్ అయిపోయాక ఆ ఫ్లాస్క్‌లో పీహెచ్ పేపర్ ముంచితే 7 రావాలి కదా, రంగు 9 దగ్గర కనిపించింది. క్షారం ఎక్కువ పోసేశానా?

#16 బ్యూరెట్‌మేడం · సాయంత్రం 6:22

లేదు నాన్నా, సరిగ్గానే పోశావు. అందరూ ఇల్లు వదిలాక ఫ్లాస్క్‌లో మిగిలింది ఎసిటేట్. వెయ్యికి 996 మందిని ఇంట్లోనే ఆపగలిగిన ఇల్లు అది, దానికి హైడ్రోజన్ మీద పట్టు ఎక్కువ. అందుకే నీటి దగ్గరనుంచి కూడా కొంచెం లాక్కుంటుంది, హైడ్రాక్సైడ్ మిగులుతుంది, పీహెచ్ 8.9 దగ్గర ఆగుతుంది. ఫినాఫ్తలీన్ వాడమని చెప్పేది ఇందుకే. ఆమ్లం వైపే రంగు మారే మిథైల్ ఆరెంజ్ సూచిక వేసి ఉంటే సగం కూడా కాకముందే రంగు మారడం మొదలయ్యేది. సోమవారం క్లాసులో చూపించేటప్పుడు దాంతో కూడా ఒకసారి చెయ్యి, రెండు ఫ్లాస్కులూ పక్కపక్కన పెట్టు.